ఊ కొట్టే మనిషి

"నీకేముంది, కూర్చుని ఊ కొట్టడమేగా" అన్నాడు మా ఆయన, అద్దంలో జుట్టు సవరించుకుంటూ.

నడుం పీకేస్తోంది, ప్రదర్శనకి ముందు కాసేపు వాలతాను అన్నందుకు వచ్చిన జవాబది. అప్పుడు నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. కథల ఉత్సవం వాళ్ళు ఇచ్చిన గదిలో బల్ల లేదు. మంచం మీద దుప్పటి మడతపెట్టి, దాని మీద వంగి వంగి చేస్తున్నాను. కాలరు దగ్గర ఇస్త్రీ పెట్టెని ఇంకాసేపు అలాగే ఉంచేద్దామా అనిపించింది. ఉంచలేదు. అది కాలితే ఇంకో చొక్కా ఇస్త్రీ చెయ్యాల్సిందీ నేనే కదా.

మా ఆయన కథలు చెప్తాడు. కథల మాస్టారంటే చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. నేను ఊ కొడతాను. మా పద్ధతిలో కథ చెప్పేవాళ్ళు ఒక మాట చెప్పి ఆగుతారు. వెనకాల కూర్చున్న మనిషి ఊ అంటేనే కథ ముందుకు కదులుతుంది. వినడానికి ఇందులో ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ ఆ ఊలో ఎన్ని రకాలున్నాయో నాకు తెలుసు. సాగదీసి ఊ అంటే, జనం మునిగిపోయారు, తొందరపడకు అని. తుంచి అంటే, వెనక వరసలో ఆవలిస్తున్నారు, కానియ్యి అని. వెంటవెంటనే రెండుసార్లు అంటే, మహానుభావా, రాజుగారి చిన్నకొడుకుని అడవిలోనే మరచిపోయి వచ్చావు, వెనక్కి వెళ్ళు అని. అలా నేను అడవిలోంచి బయటికి లాక్కొచ్చిన రాకుమారులు ఎంతమందో! 'కథల మాస్టారి జ్ఞాపకశక్తి అమోఘం' అని పేపర్లో రాశారు. ఆ ముక్కని జాగ్రత్తగా కత్తిరించి అట్టకి అంటించింది కూడా నేనే.

ప్రదర్శన అయి ఇంటికి రాగానే మా అత్తగారు ఆయనకి కుర్చీ వేసేది. "పాపం గొంతు చించుకుని వచ్చాడు, వేడివేడిగా ఏదైనా పెట్టు" అనేది నాతో. నేనూ ఆ వేదిక మీద నుంచే దిగి వచ్చానత్తయ్యా అంటే, "నువ్వు కూర్చునేగా వచ్చావు" అనేది. మా మరిది నాకు 'ఊ వదిన' అని పేరు పెట్టాడు. చుట్టాలందరూ ఆ పేరుతోనే పిలిచి పకపకా నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే 'సరదా తెలియని మనిషి' అని ఇంకో పేరు వస్తుంది. అయినా వాళ్ళు పెట్టిన పేరులో తప్పేముంది? ఇంట్లోనూ నా ఉద్యోగం అదేగా. మా పెద్దమ్మ వాళ్ళు పదిరోజులు ఉండిపోతారట అని ఆయనంటే ఊ. అమ్మకి ఒంట్లో బాగాలేదు, నువ్వా బడి ఉద్యోగం మానెయ్యి అంటే ఊ. ఆ ఊకి మాత్రం గొంతు పెగలడానికి కొంచెం టైము పట్టింది. ఆయన దాన్ని సాగదీసిన ఊ అనుకుని సంతోషించాడు.

అన్నీ ఓర్చుకున్నాను గానీ, కడవ కథ దగ్గర మాత్రం నా వల్ల కాలేదు.

మా అమ్మాయి చిన్నప్పుడు జ్వరంతో మూలుగుతుంటే, ఒళ్ళో వేసుకుని నేను అల్లిన కథ అది. ఒక పెద్ద ఇంట్లో ఒక పిల్ల. రోజంతా ఏటి నుంచి నీళ్ళు మోస్తుంది. ఇల్లంతా తాగుతుంది, స్నానాలు చేస్తుంది, అరుగులు కడుగుతుంది. ఆ పిల్ల తన గొంతు తడుపుకుందామనుకునే వేళకి కడవ ఖాళీ. 'నీకు మిగిలాయా తల్లీ?' అని ఏరు రోజూ అడుగుతుంది. ఒకరోజు ఆ పిల్ల కడవని గట్టున దించి, దోసిళ్ళతో కడుపారా తాగి, ఏరు దాటి వెళ్ళిపోతుంది. అంతే కథ.

వంటింటి గుమ్మంలో నిలబడి మా ఆయన విన్నాడు. కొన్నాళ్ళకి అది వేదిక ఎక్కింది. ఆయన చెప్పే కథలో ఏరు ఆ పిల్లకి వరమిస్తుంది, ఎంత ఒంపినా తరగని కడవ. పిల్ల దాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చి, బతికినంత కాలం అందరికీ నీళ్ళు పోస్తూ సుఖంగా ఉంటుంది. జనం కళ్ళొత్తుకునేవాళ్ళు. "అది కాదు కదండీ ముగింపు" అన్నాను ఒకసారి. "ఆడపిల్ల కడవ దించేసి దాని దారిన అది పోయిందంటే చప్పట్లెవరు కొడతారే? నీది వంటింటి కథ. వేదిక ఎక్కాలంటే దానికో పద్ధతుంది" అన్నాడు. ఊ అన్నాను. మా అమ్మాయి తన స్నేహితురాళ్ళతో చెప్తుంటే కూడా విన్నాను, "కడవ కథ మా నాన్నది. మా అమ్మకి కూడా వచ్చు" అని. ఆ రోజు స్నానాల గదిలో కుళాయి తిప్పి వదిలేసి ఏడ్చాను.

ఈ ఉత్సవానికి దేశదేశాల కథకులు వచ్చారు. ఒక ముసలావిడ వేళ్ళ మధ్య దారం చుట్టి పడవలు, పిట్టలు చేసి చూపిస్తూ చెప్పింది. ఎడారి నుంచి వచ్చిన పొడుగాటి ఆయన కథ మొదలుపెట్టినప్పుడు మూసిన కళ్ళు అయిపోయేదాకా తెరవలేదు. అందరి ఫొటోలూ గుమ్మం దగ్గర బోర్డు మీద పెట్టారు. మా ఆయన ఫొటోలోంచి నన్ను కత్తిరించేశారు. మరీ పూర్తిగా కాదు లెండి, మోచెయ్యి మిగిలింది.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఒక అక్కాచెల్లెళ్ళ జంట. అక్క కథ చెప్తుంది. చెల్లెలు ఆమెకి ఎదురుగా, అదే చాప మీద కూర్చుంటుంది. ఊ కొట్టదు, నిలదీస్తుంది. 'అబద్ధం! అంత ఎత్తు నుంచి దూకితే కాలు విరగదూ?' అంటుంది. అక్క ఆమెని ఒప్పించాలి, లేదంటే కథ మార్చుకోవాలి. అదీ వాళ్ళ పద్ధతి. జనం విరగబడి నవ్వుతుంటే నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. నిన్న భోజనాల దగ్గర ఆ చెల్లెలు వాళ్ళ దుబాసీని వెంటబెట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. మొదటిరోజు మా ఆయన చెప్పిన కడవ కథ విన్నదట.

"తరగని కడవైతే ఒకచోట పెట్టేస్తే చాలు కదా, ఎవరికి కావాలంటే వాళ్ళు ఒంపుకుంటారు. బతుకంతా ఆ పిల్లే ఎందుకు పొయ్యాలి అని అడుగుతున్నారండీ" అంది దుబాసీ.

"మా దాంట్లో అడక్కూడదండీ. ఊ అనాలంతే" అన్నాను.

దుబాసీ చెప్పింది. ఆ చెల్లెలు తినడం ఆపి నా ముఖంలోకి చూస్తూ ఏదో అంది. దుబాసీ ఇబ్బందిగా కదిలింది.

"అబద్ధానిక్కూడా ఊ అంటావా అని..."

ముందు సిగ్గేసింది. తర్వాత కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు.

పైగా ఈ రోజు ఆఖరి రోజు. ప్రదర్శన అవగానే కథకులని పక్క గదికి తీసుకెళ్ళి, తలా ఒక కథ రికార్డు చేసి దాచిపెడతారు. "వందేళ్ళ తర్వాత కూడా మీ కథ వింటారు మాస్టారూ" అన్నాడు నిర్వాహకుడు మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపేస్తూ. మా ఆయన కడవ కథే ఇస్తానన్నాడు. అంటే వందేళ్ళ తర్వాత కూడా ఆ పిల్ల నీళ్ళు మోస్తూనే ఉంటుంది. వెనకాల నేను ఊ అంటూనే ఉంటాను. చొక్కాకి గుండీలు పెట్టి ఆయనకి అందిస్తున్నంతసేపూ నా బుర్రలో అదే తిరిగింది.

సాయంత్రం ఆయన కాలరుకి చిన్న మైకు తగిలించారు. ఊ కొట్టేదానికి మైకెందుకని నాకు ఇవ్వలేదు. హాలు నిండిపోయింది. వేదిక మీదా కడవ కథే ఎత్తుకున్నాడు. ఆయన బాగా చెప్తున్నాడు, ఆ మాట కాదనను. గొంతు మంచిది.

"ఏటితల్లి కరుణించింది!" అన్నాడు.

"ఊ."

"తరగని కడవ చేతికిచ్చింది!"

"ఊ."

"పిల్ల దాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటిదారి పట్టింది!"

నేను ఊ అనలేదు. ఆయన ఆగాడు. కునుకు పట్టిందనుకున్నాడేమో, కొంచెం గొంతు పెంచి మళ్ళీ అన్నాడు, "ఇంటిదారి పట్టింది!"

"ఎందుకు?" అన్నాను.

కొందరు నవ్వారు. ఇది కూడా కథలో భాగమే అనుకున్నారు. మా ఆయన గట్టివాడు, వెంటనే సర్దుకున్నాడు. "ఎందుకంటే, ఇంట్లో అందరూ దాహంతో ఉన్నారు!"

"తరగని కడవే కదా. వాళ్ళనే వచ్చి ఒంపుకోమనండి."

ఈసారి ఆడవాళ్ళు పెద్దగా నవ్వారు. ఆయన నావైపు వంగి, పళ్ళు బిగించి, "ఊ అనవే" అన్నాడు.

ఆయన నాకు మాత్రమే అనుకున్న మాట మైకులోంచి హాలంతా వినిపించింది. నవ్వులు టక్కున ఆగిపోయాయి. ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. నాలుగు గోడల మధ్య అది మామూలు మాటలాగే ఉండేది. ఇంతమంది విన్నాక గానీ అది ఎంత నీచంగా ఉందో నాకు తెలియలేదు.

"అనను" అన్నాను. లేచి నిలబడ్డాను. మైకు లేదు కాబట్టి గొంతు పెంచాను. "ఆ పిల్ల కడవని గట్టున దించింది" అని, అలవాటు కొద్దీ ఆగాను. ఎవరూ ఊ అనలేదు. ఎవరో ఊ అనేదాకా నేనెందుకు ఆగాలి? ఆగలేదు. దోసిళ్ళతో నీళ్ళు తాగించాను. ఏరు దాటించాను. అవతలి ఒడ్డున ఆ పిల్ల చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ వెనక్కి చూసి 'నాకు మిగిలాయి' అనడం ఎప్పుడూ నా కథలో లేదు. అది అప్పటికప్పుడు వచ్చింది. నాకే ఒళ్ళు జలదరించింది. చప్పట్లు ఎంతసేపు మోగాయో తెలియదు.

తెర వెనక్కి రాగానే, "నలుగురిలో నా పరువు తీశావు" అని మొదలుపెట్టాడు మా ఆయన. ఇంతలో నిర్వాహకుడు పరుగున వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు.

"అద్భుతం మాస్టారూ! మొగుడూ పెళ్ళాల గొడవలాగా భలే కూర్చారండీ! ఆ ముగింపైతే చెప్పక్కర్లేదు!"

మా ఆయన నావైపు ఒకసారి చూశాడు. ఆ తర్వాత వినయంగా నవ్వాడు. "అంతా సాధనండీ" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. కోపం కూడా దాటిపోయాక వచ్చే నవ్వు అది.

రికార్డింగు గది గుమ్మం దగ్గర ఆయన నా చెవిలో హడావిడిగా చెప్పాడు. "సరే, కొత్త ముగింపే పెడదాం, జనానికి నచ్చింది. నేను చెప్తాను. నువ్వు మధ్యలో ఆ 'ఎందుకు' అను చాలు. మిగతాదంతా మామూలుగా ఊ కొట్టెయ్."

లోపల మైకు ముందు ఒక కుర్చీ, దాని వెనక ఒక స్టూలు వేసి ఉన్నాయి. నేను వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. రికార్డింగు చేసే ఆవిడ ఆయనవైపు, నావైపు మార్చి మార్చి చూసింది.

"మీ పద్ధతిలో ఊ కొట్టేవాళ్ళు ఉండాలన్నారు కదమ్మా?"

"ఈ కథకి ఎప్పుడూ లేరు. వినే పిల్ల మధ్యలోనే నిద్రపోయేది. అయినా చివరిదాకా చెప్పేదాన్ని" అన్నాను.

ఆవిడ మైకు నా ఎత్తుకి దించింది. మా ఆయన స్టూలు పక్కన అలాగే నిలబడ్డాడు.

"మరి నేనేం చెయ్యాలి?" అన్నాడు.

"వినండి" అన్నాను.