బాకుకి నూరో పుట్టినరోజు

పెళ్లాం పుట్టినరోజు గుర్తుండని మనిషి ఒక బాకుకి పుట్టినరోజు చేస్తానంటే ఒళ్లు మండదా? నాకు మండింది.

ఆ బాకు మా ఆయన సుందర్ రాజ్ పాత సామాన్లు అమ్మే ఫ్లీ మార్కెట్‌లో కొన్నది. రష్యా దక్షిణాన కాకసస్ కొండల్లో మగవాళ్లు నడుముకి కట్టుకునే రెండంచుల కత్తి. దాని ఊరూ వయసూ తేల్చాలని, మా తెలుగు చర్చికి కొత్తగా వస్తున్న నళినిని ఇంటికి పిలిచారు. ఆమె డెట్రాయిట్‌లో ఒక మ్యూజియంలో పాత వెండి వస్తువులు చూసుకుంటుంది. ఇక ఆదివారం ఆరాధన అయిందంటే చాలు, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంట్లో ఇద్దరూ ఒకే భూతద్దం మీదకి వంగేవారు. టీలు అందించే పని నాది. పిడి వెండి మీద నల్లటి లతలు చూసి, ఇది ఆ కొండల్లోని దాగెస్తాన్ పనితనమని నళిని చెప్పింది.

వయసు మాత్రం ఈయనే తేల్చేశారు. ఒర మీది వెండి ముద్రలో ఒక ఆడమనిషి తల, పక్కన 84 అంకె ఉన్నాయి. కార్ల కంపెనీ ఇంజనీరు కదా, రెండంకెలు కనబడితే ఆయనకి అది మోడల్ ఇయరే. "1884 మోడల్!" అని గంతేశారు. మేమున్నది 1984లో. నూరేళ్ల పండగంటూ చర్చివాళ్లందర్నీ పిలిచారు.

నేనూ ఊరుకోలేదు. నళినికి తెలిసిందంతా నాకూ తెలిస్తే నా పక్కనా అలా కూర్చుంటారేమోనని ఆశ. హాస్పిటల్ డ్యూటీ దిగి లైబ్రరీకి వెళ్లాను. 84 సంవత్సరం కాదట, వెండి ఎంత స్వచ్ఛమో చెప్పే రష్యా లెక్క. ఆ ఆడతల ముద్ర 1899లో గానీ మొదలవలేదు. పార్టీ అయ్యాక ఆయనకొక్కరికే మెల్లగా చెబుదామనుకున్నాను.

పాస్టర్ ఏసుపాదం గారు ప్రార్థన ముగించగానే ఈయన కేకు ముందు నిలబడ్డారు. "నళిని గారు హెల్ప్ చేయకపోతే దీన్ని ఐడెంటిఫై చేసేవాణ్ణే కాదు. మా దేవికి కత్తంటే వంకాయలు తరిగేదే!"

అందరూ నవ్వారు. నళిని కూడా నవ్వింది. అక్కడితో నా ఓపిక అయిపోయింది.

"దానికి నూరేళ్లెక్కడివండీ? 84 వెండి గ్రేడ్. ఆ ముద్ర 1899కి ముందు లేనే లేదు. మీ మ్యూజియం మేడమ్‌కి ఆ మాత్రం తెలీదా?"

ఆయన మొహం పాలిపోయింది. నేను చూద్దామనుకున్నది నళిని మొహం మాడిపోవడం.

"తెలుసు దేవకుమారి గారూ," అంది నళిని తల దించుకుని. "చెబుదామనుకునేలోపే ఈయన అందరికీ ఫోన్లు చేసేశారు. అంత హ్యాపీగా ఉన్న మనిషికి ఎలా చెప్పను? నోరు రాలేదు."

దాచినందుకు ఈయన ఆమెని కడిగేస్తారని ఎదురుచూశాను.

"అయ్యో, నా కోసం ఎంత ఇబ్బంది పడ్డారండీ!" అన్నారు. అంత మెత్తటి గొంతు ఆయనకి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. కేకు కోసి మొదటి ముక్క నళిని చేతిలో పెట్టారు. నావైపు చూడకుండానే కేకు కత్తి నాకిచ్చి, "మిగతాది కట్ చేసి అందరికీ సర్వ్ చెయ్యి," అన్నారు.