పేరు లేని బిళ్ళ

పెళ్ళి విందు చివర, కేకు కోసే వేళకు పోసే నురగ వైన్ పెళ్ళికూతురి తండ్రే తేవాలన్న నియమం స్పెయిన్‌లోని పెనెదెస్ ప్రాంతంలో లేదు. పెళ్ళికూతురి తండ్రి బ్లాయ్ తనంతట తానే ఆ పని మీదేసుకున్నాడు. ఫిబ్రవరిలో వియ్యాలవారి పెరట్లో అందరూ నిప్పుల మీద కాల్చిన ఉల్లికాడలు తింటున్నారు. ఎవరేం తేవాలన్న మాట వచ్చింది. వైన్ సంగతి తనకు వదిలెయ్యమని, అది వైన్ తయారుచేసే తన బావ మజీ నేలమాళిగ నుంచి వస్తుందని బ్లాయ్ చెప్పాడు. అప్పటికి మజీని అడగనైనా లేదు.

వియ్యంకుడు ఫెలీస్‌కు సీట్జెస్‌లో సముద్రం ఒడ్డున హోటలుంది. మజీ వైన్ గురించి విన్నాననీ, పెళ్ళిలో రుచి చూసి నచ్చితే హోటల్లో పెట్టుకుంటాననీ అన్నాడు. ఫెలీస్ తండ్రి బాల్దిరి ఇంకా సంతోషించాడు. సీసా బిరడా మీద, దాన్ని బిగించిన ఇనప తీగ కింద, చిన్న రేకు బిళ్ళ ఉంటుంది. ఏ నేలమాళిగ బిళ్ళ మీద ఆ నేలమాళిగ బొమ్మ ఉంటుంది. సీసా తెరవగానే బల్ల దగ్గర ఎవరో ఒకరు దాన్ని జేబులో వేసుకుంటారు. బాల్దిరి ఆ బిళ్ళలతో అల్మరా నింపాడు.

"మజీ గారివి అన్నీ ఉన్నాయి నా దగ్గర. నీలం మీద కంచరగాడిద. ఒక్క ఏడాది తప్పలేదు," అన్నాడాయన.

ఏప్రిల్‌లో బ్లాయ్ పనిచేసే సీసాల ఫ్యాక్టరీ అతని షిఫ్టులు సగం చేసింది. ఆ సంగతి భార్య రెమెయ్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. మే నెలలో బ్లాయ్ మజీ ద్రాక్షతోటకి వెళ్ళాడు. ధర అడిగి, కొంత తగ్గించమందామని వెళ్ళాడు. రెండేళ్ళుగా వానల్లేవు. వరసల మధ్య మట్టి బీటలు తీసింది. కొన్ని వరసల్లో తీగలు పీకేసి మోళ్ళు కుప్పపోశారు. మజీ అతన్ని చూసి చేతులు దులుపుకున్నాడు.

"పెళ్ళికి ఎన్ని సీసాలు కావాలో చెప్పు. డబ్బు మాటెత్తకు," అన్నాడు.

బ్లాయ్ ఆ కుప్ప వైపు చూశాడు. మగపెళ్ళివాళ్ళే తెస్తున్నారని, అక్కర్లేదని చెప్పాడు. మజీ సరేనన్నాడు. అతని ముఖంలో బరువు దిగినట్టు కనిపించింది బ్లాయ్‌కి. మంచిపనే చేశాననుకుంటూ ఇంటికొచ్చాడు. దార్లో గుర్తొచ్చింది, ఇప్పుడు రెండు అబద్ధాలున్నాయని, రెండూ ఒకే గదిలోకి రాబోతున్నాయని.

సూపర్‌మార్కెట్ నుంచి నాలుగు రకాలు తెచ్చి వంటగదిలో రెమెయ్‌తో కలిసి రుచి చూశాడు. మొదటిది పానకంలా ఉంది. రెండోది తడిసిన అట్టపెట్టె వాసన వేసింది. మూడోదాంట్లో బుడగలు రెమెయ్ పళ్ళేలు తెచ్చేలోపే చచ్చిపోయాయి. నాలుగోది ఇద్దరూ రెండోసారి పోసుకున్నారు.

"ఇది పర్లేదు. మా అన్న పెళ్ళిలో దీనికంటే అధ్వాన్నం తాగాం," అంది రెమెయ్.

"మీ అన్న అది మజీ వైన్ అని కోతలు కొయ్యలేదుగా."

"కోసింది నువ్వు, నేను కాదు. ఇదే తెచ్చామని చెప్పే గ్లాసుల్లో పోద్దాం. ఎవరు కాదంటారు?"

బ్లాయ్ ఆ నాలుగో రకమే ఎంచుకున్నాడు. సీసాలు కొన్నాడు. బాత్‌టబ్‌లో నానబెట్టి లేబుళ్ళు ఊడదీశాడు. కూతురు బ్రూనా పేరు, అల్లుడి పేరు అచ్చువేయించిన లేబుళ్ళు అతికించాడు. పెళ్ళిళ్ళలో అలా వేయించడం మామూలే, ఎవరికీ అనుమానం రాదు. బిళ్ళలతోనే చిక్కు. అవి తీగ కింద ఉంటాయి, తీగ విప్పితే లోపలి ఒత్తిడికి బిరడా ఎగురుతుంది. ఆ బిళ్ళల మీద ద్రాక్షగుత్తి ఉంది, పేరు లేదు. పేరు చెప్పుకోనివాళ్ళ సీసాలకు వేసే బిళ్ళ అది. విందు ఫెలీస్ హోటల్లో కాదు, వేరే హోటల్లో; దాని మేనేజరుకు ఫోన్ చేసి, సీసాలన్నీ వంటగదిలోనే తెరిచి తీసుకురమ్మన్నాడు.

పెళ్ళినాడు విందులో అక్కనీ బావనీ వంటగది తలుపు పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఫెలీస్ వాళ్ళ బల్ల గదికి ఆ చివర. అక్క అసుంతా వచ్చి కూర్చుని, మేనత్త వరసకి ఇదా చోటు, ప్లేట్లు మోసేవాళ్ళు భుజాలు రాసుకుంటూ పోతున్నారు అంది. ఏర్పాట్లు హోటల్ వాళ్ళవని బ్లాయ్ చెప్పాడు.

కేకు వచ్చింది. తెరిచిన సీసాలు వచ్చాయి. మొదటి బల్ల నుంచే గొడవ మొదలైంది. బిళ్ళలేవి, వంటగదిలో ఎందుకు తెరిచారు, మా బిళ్ళలు మాకివ్వండి అన్నారు. సర్వరు లోపలికి వెళ్ళి, బిళ్ళలన్నీ సూపు గిన్నెలో పోసి తెచ్చి బల్లబల్లకీ తిప్పాడు. ఒక్కొక్కటిగా ఎవరి జేబులోకో పోవలసినవి గిన్నెడు ఒకేచోట కనిపించాయి. అన్నీ ఆకుపచ్చవే. అన్నిటి మీదా ద్రాక్షగుత్తే.

బాల్దిరి ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. కర్ర పట్టుకుని లేచాడు. ఆయన ఎటు వెళ్తున్నాడో బ్లాయ్‌కి అర్థమైంది. ఫొటో కోసం బంధువులు అతని చుట్టూ నిలబడి ఉన్నారు. విడిపించుకుని గది దాటేసరికి ఆయన మజీ దగ్గరికి చేరిపోయాడు. గ్లాసు పట్టుకుని ఫెలీస్ కూడా వెనకే వచ్చాడు.

"మజీ గారూ, కంచరగాడిదని మానేశారా?" అన్నాడు బాల్దిరి, బిళ్ళ బల్ల మీద పెట్టి.

మజీ బిళ్ళని చూశాడు. తన గ్లాసు చూశాడు. తలెత్తి బ్లాయ్‌ని చూశాడు. అసుంతా నోరు తెరవబోతే ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఈసారికి మార్చామండీ," అన్నాడు.

బాల్దిరి కూర్చున్నాడు. ముసలాయనకి మర్యాద తెలుసు కానీ వైన్ దగ్గర దాపరికం తెలియదు. ఈసారి సరుకు పలచబడిందని, నోట్లో నిలవడం లేదని చెప్పాడు. వానల్లేవు కదండీ అన్నాడు మజీ. ఫెలీస్ గ్లాసు వెలుతురుకు ఎత్తి చూసి కింద పెట్టాడు.

"హోటల్ సంగతి తర్వాతెప్పుడైనా చూద్దాం లెండి, మజీ గారూ."

తర్వాతెప్పుడైనా అంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. మజీ తలూపాడు. తను చేసిన వైన్ గురించి ఎవరేమన్నా బల్ల గుద్ది వాదించే మనిషి, తను చెయ్యని వైన్ కోసం తలూపాడు. బ్లాయ్ నోరు తెరిచాడు.

"కూర్చో బ్లాయ్. పిల్ల చూస్తోంది," అన్నాడు మజీ మెల్లగా.

బ్లాయ్ కూర్చున్నాడు. కూర్చోవడం తేలికైంది. అది తేలికైనందుకే మళ్ళీ లేచాడు.

"అది బావది కాదు. బావ ఇస్తానంటే నేనే వద్దన్నాను. సూపర్‌మార్కెట్‌లో కొన్నాను. లేబుళ్ళు నేనే అతికించాను."

పక్క బల్ల వాళ్ళు మాటలాపారు. బాల్దిరికి కోపం రాలేదు. ఏ సూపర్‌మార్కెట్ అని అడిగాడు. బ్లాయ్ చెప్పాడు. అక్కడ ఇంతకంటే మంచిది కూడా దొరుకుతుందని, పై అరలో ఉంటుందని బాల్దిరి అన్నాడు. తర్వాత మజీ వైపు తిరిగి, మరి మీదేనన్నారేమిటని అడిగాడు. మజీ ఆ బిళ్ళని ఆయన వైపు జరిపాడు.

"మేమేమైనా అడిగామా, బ్లాయ్ గారూ? మంచినీళ్ళు పోసినా తాగేవాళ్ళం," అన్నాడు ఫెలీస్. భుజం మీద చెయ్యి కూడా వేశాడు. తిట్టి ఉంటే బ్లాయ్ జవాబు చెప్పేవాడు. ఆ చెయ్యి కింద ఎలా నిలబడాలో అతనికి తెలియలేదు.

వచ్చే వారం రెండు సీసాలు పంపమని ఫెలీస్ మజీని అడిగాడు. చూద్దామన్నాడు మజీ. తండ్రినీ వెంటబెట్టుకుని ఫెలీస్ వెళ్ళిపోయాక బ్లాయ్ బావ ముందు నిలబడ్డాడు. ఏం చెప్పాలో రెండు మూడు రకాలుగా అనుకున్నాడు. మజీయే మొదలుపెట్టాడు.

"అబద్ధమాడావు, సరే. నన్నూ ఆడేలా చేశావు, అదీ సరే. నేనిస్తానన్నాను కదా. ఎందుకొద్దన్నావు?"

"నీ దగ్గర మిగిలిందే కొంచెం, బావా."

"నువ్వు లెక్కపెట్టావా నా దగ్గరెంత మిగిలిందో?"

"పీకేసిన తీగలు చూశాను."

మజీ కుర్చీ వెనక్కి జరిపాడు. "జాలిపడ్డావన్నమాట. నా మేనకోడలి పెళ్ళికి వైన్ పొయ్యలేనంత దిగజారానని నీకు నువ్వే తేల్చేసుకుని ఇంటికెళ్ళావు. పలచగా ఉందని ఆ పెద్దాయన అంటే నాకేం కాలేదు. ఇది వేరు."

అసుంతా కోటు తీసుకుంది. ఉండమని రెమెయ్ పరిగెత్తుకొచ్చింది. డాన్సు అయ్యేదాకా ఉంటామని, పిల్ల బాధపడుతుందని, తర్వాత బయల్దేరతామని అసుంతా చెప్పింది. తమ్ముడి వైపు చూడకుండానే చెప్పింది.

మొదటి డాన్సు తండ్రీ కూతుళ్ళది. బల్లలు జరిపి మధ్యలో చోటు చేశారు. బ్రూనా వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. గది ఆ చివర జరిగింది ఈ చివరకు అప్పటికే చేరిపోయింది, ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది. బ్లాయ్ ఆమె బూట్ల వైపు చూస్తూ అడుగులు వేశాడు. ఆమె ఏదైనా అడిగితే బాగుండును అనుకున్నాడు. పాట సగంలో ఆమె అతని చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుని, అందరికీ కనిపించేలా అతన్ని గది మధ్యకు నడిపించింది.