ఎడమ పురి

భీమిలి దాటాక, ఇసుక దిబ్బ మీద, ఏనుగుమాను ఒకటి ఉండేది. ఆకు రాలిన వేసవిలో అది చెట్టులా కనబడదు. కడుపుబ్బిన ఏనుగేదో కొమ్మలు మోస్తూ నిలబడినట్టు ఉంటుంది. దాని కలప పొయ్యికీ పనికిరాదు, తెప్పకీ పనికిరాదు. అయినా వీరన్న ఇల్లు దాని నీడనే నడిచింది. ఎండిన కాయలు వలకు బెండ్లయి నీళ్ళమీద తేలేవి. బెరడు నారై, నార తాడయ్యేది. కాయలోని పుల్లటి గుజ్జును అతని భార్య గంగాలమ్మ బెల్లంనీళ్ళలో పిసికి, వేట నుంచి వచ్చినవాళ్ళకు పోసేది.

ఆ వల వీరన్న ఒక్కడిదే కాదు. సగం గంగాలమ్మ అన్న అర్జునరావుది. పొత్తు వలకు ఆ రేవులో ఒక ఆచారం ఉంది: ఒక బెండు ఇతనిది, దాని పక్క బెండు అతనిది, చివరిదాకా అలాగే కడతారు. నమ్మకం చెడిననాడు ఎవరి బెండ్లు వాళ్ళకు విప్పి ఇచ్చేస్తారు. ఆపైన ఇద్దరూ ఒక తెప్ప ఎక్కరు. అలా విప్పడం వీరన్న పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

నార తీయడానికీ కట్టుబాటుంది. సముద్రం వైపు బెరడే ఒలవాలి. కొండ వైపు ముట్టరాదు. చుట్టూ ఒలిస్తే మాను చస్తుందని పెద్దల మాట.

అవతల ఉక్కు ఫ్యాక్టరీ గోడలు లేస్తున్న రోజులవి. అర్జునరావు విశాఖ జెట్టీలో మరబోటెక్కాడు. ఇంటికొస్తే ఒకటే పోరు.

"ఎన్నాళ్ళు బావా, ఈ కాయల్ని నమ్ముకుని? పిలాస్టిక్ బెండ్లొచ్చీసినాయి. మా ఓనరు మనిద్దర్నీ జంటగా రమ్మంతన్నాడు."

"నా మాను బతికున్నన్నాళ్ళూ నాను బోటెక్కను."

"మానుని మనువాడీసినావేటి? మా సెల్లికి సవితిని తెచ్చినావు గదా!"

"ఈ సవితే నయం అన్నా, నోరెత్తదు," అంది గంగాలమ్మ. ముగ్గురూ నవ్వారు.

ఆ వేసవిలో వీరన్న ఒరిస్సా తీరానికి వేటకు పోతూ, భార్యను పుట్టింట దింపి, "మానుని సూసుకో బావా" అని అర్జునరావుకే అప్పగించాడు.

తిరిగి వచ్చేసరికి, చెయ్యెత్తితే అందినంత మేర, మాను చుట్టూ చర్మం లేదు. లోపలి ఎరుపు తడితడిగా మెరుస్తోంది. వీరన్న అరచెయ్యి ఆనించి, పుండు తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

ఆ దుఃఖం చెప్పుకోవడానికి అతనికి గుర్తొచ్చింది ఒక్కడే. మద్దిలపాలెంలో బస్సు మారి జెట్టీకి పరుగెత్తాడు. బోటు కనబడగానే "బావా!" అని పిలవబోయి, ఆగిపోయాడు.

బోటు గట్టుకు రాసుకోకుండా పాత టైర్లు వేలాడుతున్నాయి. వాటిని పట్టుకున్నది కొత్త నారతాడు. దాని పురి ఎడమకు తిరిగి ఉంది. ఆ తీరమంతా కుడికే పురి పెడుతుంది. ఎడమచేతివాటం అర్జునరావు ఒక్కడే ఎడమకు పెడతాడు. చిన్నప్పుడు వీరన్న దాన్ని వెక్కిరించి, వెక్కిరిస్తూనే గుర్తుపట్టడం నేర్చుకున్నాడు.

"ఈ తాడెక్కడిది బావా?"

అర్జునరావు తల దించుకున్నాడు. "నీ మంచికే సేసినాను. అది సస్తేగాని నువ్వు రావు గదా."

"నీకే అప్పగించీసి ఎల్నాను..."

"తిట్టు బావా. కొట్టు. రేపు నువ్వే నవ్వుతావు."

వీరన్న తిట్టలేదు. వచ్చిన బస్సులోనే వెనక్కి వెళ్ళాడు.

వానలు పడ్డాయి. మాను చావలేదు. ఎర్రటి ఒంటిమీద ముందు పల్చటి పొర కమ్మింది, పొర కింద పచ్చదనం ఊరింది, కొమ్మలు ఎప్పటిలాగే చిగిర్చాయి. ఆ కబురు విని అర్జునరావు పరుగున వచ్చాడు. దిబ్బెక్కి మానును నిమిరి, పసివాడిలా అరిచాడు:

"బావా! తోలొచ్చీసింది, సూసినావా! పెద్దోళ్ళు సెప్పిందంతా అబద్ధం!"

వీరన్న వల ముందేసుకుని ఇసుకలో కూర్చుని ఉన్నాడు. గంగాలమ్మ, తన అన్న కోసం పులుపునీళ్ళ చెంబు తెచ్చి, భర్త చేతుల్ని చూసి, గుమ్మంలోనే నిలిచిపోయింది.

వీరన్న ఒక బెండు విప్పి అర్జునరావు ముందుంచాడు. పక్కది ముట్టలేదు. దాని తర్వాతది విప్పాడు.

"ఏటి బావా ఇది? మాను సావలేదు గదా!"

"దానికి తెల్దు గదా," అన్నాడు వీరన్న, ఇంకో ముడి వెతుక్కుంటూ, "ఎవుడొలిసినాడో."