తడిచేతి గుడ్డ

వైర్‌మ్యాన్ టెస్టరును జేబుకు కలంలా తగిలించుకుని, పెరట్లో బట్టల తీగ కట్టిన ఇనుప గొట్టాన్ని అటూ ఇటూ ఊపసాగాడు. తీగ మీద అప్పుడే ఆరేసిన దుప్పట్లున్నాయి. భార్య ఖాళీ బకెట్టుతో నిలబడి కాసేపు చూసింది. ఇరవై రెండేళ్లుగా నోరెత్తకుండా నిలబడ్డ గొట్టం పొద్దున్నే ఏం తప్పు చేసిందని అడిగింది. దీంతో పనుందన్నాడు.

"అయితే ఈ దుప్పట్లు నీ భుజాల మీద ఆరేస్తా. సాయంత్రం దాకా ఎండలో నిలబడు" అంది.

మరో రోజయితే అంతకు రెండింతలు అనేవాడు. ఇవాళ నవ్వనైనా నవ్వలేదు. గొట్టం పెకలించి, మట్టి దులిపి, ఒక కొనను బొటనవేలితో తడిమాడు. రంపంతో కోసిన కొన. కోత వంకరగా పోయింది. తొందరలో కోసిన చెయ్యి తనదే.

దాన్ని సైకిలుకు బారుగా కట్టి, గునపం, పార, సమ్మెట, ఉప్పు, బొగ్గు వేసిన గోనెసంచి వెనక పెట్టుకుని బయల్దేరాడు. తోటి పనివాళ్లు అతన్ని గోతులాయన అంటారు. ఏ ఇంటికి పిలిచినా ముందు ఎర్త్ గొయ్యి ఎక్కడుందని అడుగుతాడు. అది సరిగా లేకపోతే వైరు చుట్ట విప్పడు. పని ముగించి వెళ్లేముందు మిగతావాళ్లంతా "తడిచేత్తో ముట్టుకోకండమ్మా" అని చెప్పి వెళ్తారు. అతని నోట మాత్రం ఆ ముక్క రాదు. ఆ మాట అతను జీవితంలో ఒక్కసారే అన్నాడు.

దర్జీ ఇల్లు వీధి చివర. కబురు పెట్టింది దర్జీ కూతురు. నాన్నకు చన్నీళ్లు పడటం లేదనీ, వేణ్ణీళ్ల హీటరు కొన్నామనీ, మూడు కాళ్ల ప్లగ్గు పెట్టే సాకెట్టు కావాలనీ చెప్పింది. "ఇంటికి మొదట వైరింగు చేసింది మీరేగా బాబాయ్. వేరేవాళ్లను పిలిస్తే నాన్న ఊరుకోడు" అంది. ఆ నమ్మకం వినగానే అతనికి తల కొట్టేసినట్టయింది.

దర్జీ కిటికీ పక్కన, మిషను ముందు కుర్చీలో ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. కుట్టడం మానేసి చాలాకాలమైనా మెడలో టేపు వేలాడుతూనే ఉంది. వెనక గోడకు స్విచ్‌బోర్డు. దాని పక్కన మేకు. మేకుకు నాలుగంచులా చక్కగా మడిచి కుట్టిన గుడ్డ. కూతురు నీళ్లగదిలోంచి వచ్చి, ఆ గుడ్డకు అరచేతులూ, వేళ్ల సందులూ తుడుచుకుని, అప్పుడు ఫ్యాను వేసింది. ఊపిరి పీల్చినంత మామూలుగా చేసిందా పని. ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు నేర్చుకున్నది మరి.

వైర్‌మ్యాన్ గుడ్డ వైపు చూడకుండా పాత సాకెట్టు దగ్గర కూర్చున్నాడు. బల్బుకు రెండు తీగలు కట్టి, ఒకటి కరెంటు వచ్చే చోట, రెండోది ఎర్త్ రంధ్రంలో పెట్టాడు. బల్బు వెలగలేదు. వెలగదని అతనికి తెలుసు.

కరెంటుకు రెండు దారులు చాలు, రావడానికొకటి, పోవడానికొకటి. మూడో తీగ మనిషి కోసం. లోపలెక్కడో తీగ ఒరిసిపోయి ఇనుముకు తగిలితే, ఆ కరెంటు మనిషిని వదిలి, ఆ తీగ వెంట గోతిలోని గొట్టం గుండా మట్టిలోకి పోవాలి. అందుకే ప్లగ్గులో ఆ కాలు మిగతా రెంటికంటే పొడుగు. అందరికంటే ముందు లోపలికి వెళ్లి, అందరికంటే చివర బయటికొస్తుంది. ఇదంతా పని నేర్చిన మొదటి నెలలోనే అతనికి కంఠతా వచ్చు. అయినా ఈ ఇంటికి మొదట వైరింగు చేసిన రోజు, వాకిట్లో రెండడుగులు తవ్వగానే గునపం రాతికి తగిలింది. ఎండ మాడుస్తోంది. తొమ్మిదడుగుల గొట్టంలో ఒక ముక్క కోసి, నిలబెట్టి, పైన సిమెంటు పూశాడు. చూసేవాళ్లకు గొయ్యి గొయ్యిలాగే ఉంది. మిగిలిన గొట్టం బట్టల తీగకు పనికొస్తుందని ఇంటికి పట్టుకెళ్లాడు.

రెండేళ్లకు దర్జీ భార్య ఇస్త్రీ పెట్టె పట్టుకుని షాకు కొట్టి పోయింది. కబురందుకుని ముందు చేరింది అతనే. పెట్టె లోపల తీగ ఒరిసి ఇనుముకు ఆనుకుని ఉంది. చూశాడు. తలెత్తేసరికి గుమ్మం నిండా జనం, మధ్యలో దర్జీ. "తడిచేత్తో ముట్టుకుంది" అన్నాడు వైర్‌మ్యాన్. అందరూ తలలూపారు. నీళ్లు చల్లకుండా ఇస్త్రీ ఎవరు చేస్తారని ఒక్కరూ అడగలేదు. దినం కాగానే దర్జీ స్విచ్‌బోర్డు పక్కన మేకు కొట్టి, ఏడేళ్ల కూతురి కోసం ఆ గుడ్డ తగిలించాడు.

ఇవాళ ముందుగా వాకిట్లోని ఆ పాత గొయ్యి పగలగొట్టాడు. రెండు దెబ్బలకే సిమెంటు ఊడింది. గొట్టం ముక్క పాలపన్ను ఊడినంత సులువుగా చేతికొచ్చింది. కూతురు పెరట్లో బట్టలు ఉతుకుతోంది. ముక్కను తీసుకెళ్లి దర్జీ ముందు మిషను మీద పెట్టాడు.

"అన్నా, ఇది తొమ్మిదడుగులుండాలి."

దర్జీ అలవాటు చొప్పున మెడలోంచి టేపు తీసి కొలిచాడు. "పద్దెనిమిది అంగుళాలు" అన్నాడు, ఎవరికో చొక్కా కొలత చెబుతున్నట్టు.

అప్పుడు చెప్పాడు. రాయి, ఎండ, రంపం, బట్టల తీగ. చెబుతుంటే అదెంత చిన్న సంగతో తనకే వినబడింది. ఇంకాస్త పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని సిగ్గులేకుండా అనిపించింది కూడా. దర్జీ టేపును వేలికి చుడుతూ విన్నాడు.

"తెలిసే అన్నావా ఆ మాట, తెలియక అన్నావా?"

"తెలిసే."

దర్జీ వేలికి చుట్టిన టేపు విప్పి మిషను మీద పెట్టాడు.

"బతికున్నన్నాళ్లూ దాన్ని ఒక్క మాట అనలేదురా నేను" అన్నాడు దర్జీ. "పోయాక రోజూ తిట్టాను. ఆ గుడ్డ చూసినప్పుడల్లా తిట్టాను. పిల్ల ముందు తిట్టాను."

వైర్‌మ్యాన్ తల దించుకుని నిలబడ్డాడు. కొడితే బాగుండుననుకున్నాడు. దర్జీ కిటికీ వైపు తిరిగి, "పని కానియ్" అన్నాడు. అంతే.

కొత్త గొయ్యి పెరట్లో, బట్టలుతికే బండ పక్కన తవ్వాడు. నేల మెత్తగా, చెమ్మగా దిగింది. అప్పుడూ నాలుగడుగులు ఇటు నడిచి ఉంటే చాలు. నడుము లోతు తవ్వి, గొట్టం దించి, మిగతాది సమ్మెటతో కొట్టి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పొరలుగా పోశాడు. అరచేతుల్లో బొబ్బలు చితికాయి. కూతురు మధ్యలో మంచినీళ్లిచ్చి, కాసేపు ఆగమంది. ఆగలేదు. ఆమె ముఖంలోకి చూడటానికి ముఖం చెల్లక, చెంబు కిందే పెట్టించుకుని తాగాడు.

పొద్దు వాలేసరికి ఆకుపచ్చ తీగ సాకెట్టు దాకా వచ్చింది. మెయిన్ వేసి, బల్బు మళ్లీ పెట్టాడు. ఈసారి నిండుగా వెలిగింది. గదంతా పసుపుపచ్చగా నిండింది. "అన్నా, చూడు" అన్నాడు.

దర్జీ తల ఒక పక్కకు వాలి ఉంది. ఒళ్లో మేకు మీది గుడ్డ. ఎప్పుడు లేచి తీసుకున్నాడో. చిన్న కత్తెరతో అంచు కుట్లు ఒక్కొక్కటే విప్పుతూ, మూడు వైపులు విప్పి, నాలుగోది సగంలో ఉంచాడు. వైర్‌మ్యాన్ ఆ చేతిని పట్టుకుని చూశాడు. పొడిగా, చల్లగా ఉంది. బల్బు తీశాడు. గది మసకబారింది.

పెరట్లోంచి కూతురు వచ్చింది. చేతుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. అటు చూడకుండానే చెయ్యి మేకు మీదికి వెళ్లి, గోడను తడిమి ఆగిపోయింది.

"బాబాయ్, గుడ్డేమైంది? లైటు వెయ్యాలి."

ఆ పిల్లకు రెండు సంగతులు చెప్పాలి. ఒకటి చెప్పగానే రెండోది ఇక ఆమె చెవికెక్కదు.

"మీ అమ్మ తప్పేం లేదమ్మా" అన్నాడు ముందు.

ఆమె తడిచేతులు అలాగే పట్టుకుని అతనివైపు తిరిగింది. ఆమె వెనక, ఖాళీ మేకు కింద, ఇరవయ్యేళ్ల చేతుల తడి పీల్చిన గోడ మీద ఆ గుడ్డ కొలతకే మరక ఒకటి, నాలుగంచులతో, ఇంకా చెమ్మగా ఉంది.