రెండు ఫోన్లు, ఒక్క ఖాతా

కడగబోయే ముందు బస్సు చుట్టూ ఒకసారి తిరిగి రావడం అతని అలవాటు. ముందు అద్దం, ఎడమ పక్క, వెనక బంపరు, కుడి పక్క, ఆఖరున నెంబరు ప్లేటు. ఒక్కోచోట ఆగి, చెయ్యి చొక్కాకు తుడుచుకుని, ప్లాస్టిక్ కవరులోంచి ఫోన్ తీసి ఫోటో కొట్టి, మళ్ళీ కవరులో పెట్టి జేబులో దోపుకుంటాడు. ఎక్కడైనా గీత కనిపిస్తే దానికి దగ్గరగా ఇంకో ఫోటో. అప్పుడు గాని పైపు తిప్పడు. దేవుడి చుట్టూ ఇన్నిసార్లు తిరిగి ఉంటే ఈపాటికి ఏదో ఒక వరం దొరికేదని డ్రైవర్లు వేళాకోళం చేస్తారు. డిపోలో అతని అసలు పేరు ఎవరికీ పట్టదు. గీతల బాబాయి అంటే చాలు.

ఆ అలవాటు ఊరికే రాలేదు. ఒకప్పుడు ఓ కొత్త బస్సుకు పక్క రేకు సొట్టపోయింది. నడిపినవాడు నెమ్మదిగా తప్పుకుని, కడిగినవాడి బ్రష్షు కర్ర తగిలిందన్నాడు. చెప్పుకోవడానికి నోరుంది గాని చూపించడానికి సాక్ష్యం లేదు. అందరి ముందూ నానా మాటలూ పడ్డాడు. ఆ మర్నాటి నుంచి ఫోటోలు మొదలుపెట్టాడు. మళ్ళీ ఎవరూ అతని మీద నింద వేయలేదు, అతనూ ఎవరినీ నమ్మలేదు.

సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని వేళ్ళ చివర్లు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. ఎప్పుడో వెళ్ళిపోయిన ఒక మెకానిక్ వదిలేసిన రబ్బరు బూట్లు వేసుకుంటాడు. అవి ఒక సైజు పెద్దవి, అందుకని లోపల గుడ్డ కుక్కుకుంటాడు. సబ్బు నీళ్ళకు అతనికో నీలం బకెట్ ఉంది. పిడి విరిగి చాలాకాలమైంది, దాని స్థానంలో తాడు కట్టాడు. కొత్తది ఇస్తామన్నా వద్దంటాడు. పిసినారి అని నవ్వుకుంటారు. నవ్వుకోనిస్తాడు.

ఆ ఉదయం రెండో బస్సు నెంబరు ప్లేటు ఫోటో తీసి కవరులో పెట్టబోతూ ఆగాడు. తెర పైన ఎర్ర గీత లేదు.

ఆ ఎర్ర గీత కొన్ని వారాలుగా ఉంది. ఫోటోలు దాచుకునే జాగా నిండిపోయింది, కొన్ని తీసేస్తే తప్ప కొత్తవి దాచలేమని దాని సారాంశం. అతను కొన్ని తీసేసేవాడు. బస్సులు రోజూ వస్తాయి గనుక మళ్ళీ నిండిపోయేది. ఫిర్యాదులు ఆలస్యంగా వస్తాయి కాబట్టి అన్నీ తీసేయడానికి ధైర్యం చాలేది కాదు. ఇవాళ ఎవరో చీపురు పట్టి ఊడ్చినట్టుగా జాగా అంతా ఖాళీ. పొద్దున తీసిన ఫోటోలు చకచకా పైకి వెళ్ళి కూర్చున్నాయి. కొంచెం కిందికి జరిపి చూశాడు. పోయిన వారం నెంబరు ప్లేట్లు ఒక్కటీ లేవు.

అతను తీయలేదు. అయితే తీసిందెవరో అతనికి తెలుసు. బూట్లలో నీళ్ళు పోసినట్టు ఒళ్ళు జలదరించింది. అది సంతోషమని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది, అలవాటు తప్పి చాలాకాలమైంది మరి.

పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ ఒకే రోజు ఫోన్లు కొనుక్కున్నారు. ఖాతాలవీ ఇద్దరికీ తెలియవు. కొట్టువాడికీ ఓపిక లేదు. "కాపురం ఒకటే అయినప్పుడు ఖాతా కూడా ఒకటి చాల్లేండి," అని రెండు ఫోన్లలోనూ ఒకే ఖాతా పెట్టి పంపించాడు. అలా ఆమె తీసిన ఫోటో అతని ఫోన్లో, అతను తీసింది ఆమె ఫోన్లో ప్రత్యక్షమయ్యేవి. ఒకదాంట్లో తీసేస్తే రెండింట్లోనూ పోయేవి. మొదట్లో అదో ఆట. తర్వాత పాప పుట్టింది. ఆ తర్వాత ఫోటోలన్నీ పాపవే.

మూడేళ్ళు నిండకుండానే పాప జ్వరంతో పోయింది. ఇల్లు ఇద్దరికీ ఇరుకైపోయింది. పోట్లాడుకోలేదు, ఒకరినొకరు ఒక్క మాటా అనుకోలేదు. ఒకరి మొహం చూస్తే ఇంకొకరికి పాప గుర్తొచ్చేది, అంతే. పాప తల్లి ఒక రోజు బట్టలు సర్దుకుని అక్క ఇంటికి వెళ్ళింది. అతను రిక్షా పిలిచి సంచీ ఎక్కించాడు. కొన్నాళ్ళకు విడాకుల కాగితాలు వచ్చాయి. ఆపైన ఆమె ఒక దర్జీని పెళ్ళి చేసుకుంది. మంచివాడని విన్నాడు.

ఖాతా సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. అతని ఫోన్లోకి దారపు ఉండలు, జాకెట్టు మెడలు, గుడ్డ ముక్కల రంగులు వచ్చేవి. ఆమె ఫోన్లోకి బస్సులు వెళ్ళేవి. వెళ్తున్నాయని ఆమెకు తెలుసా అని అతను చాలాకాలం అనుమానపడ్డాడు. ఒకసారి జాగా నిండిపోయి, బద్ధకించి అలాగే వదిలేశాడు. మర్నాడు చూస్తే పాత నెంబరు ప్లేట్లు తీసేసి ఉన్నాయి. గీతలున్నవీ సొట్టలున్నవీ మాత్రం ఉన్నాయి. ఏవి దాచాలో ఏవి పారేయాలో అతని పని తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. తిని వదిలేసిన కంచం ఎవరో కడిగి బోర్లించినట్టు అనిపించింది. ఆ రోజు బస్సు చాటున నిలబడి ఏడ్చాడు. అప్పటినుంచి ఎవరివి వాళ్ళు తీసేసుకునేవారు, ఒక్కోసారి ఒకరివి ఒకరు కూడా. పాపవి మాత్రం ఎవరూ ముట్టలేదు. ఎంత నిండినా ముట్టలేదు.

వాటిలో ఒక వీడియో ఉంది. ఇదే డిపో, ఇదే నీలం బకెట్. పిడి అప్పటికింకా ఉంది. పాప ఖాళీ బకెట్లో చంకల దాకా కూర్చుని, వస్తున్న బస్సును చూపిస్తూ "నానా, బచ్చు! బచ్చు!" అని అరుస్తుంది. తీస్తున్న తల్లి నవ్వుతుంటే తెర ఊగుతుంది. ఆ గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు.

ఒకసారి ఫోన్ సబ్బు నీళ్ళలో పడి చచ్చింది. అతనూ సగం చచ్చాడు. కొత్త ఫోన్లో ఖాతా పెట్టగానే ఒక్కొక్కటే అన్నీ దిగివచ్చాయి. "క్లౌడ్‌లో ఉన్నాయి బాబాయ్, ఫోన్ పోయినా ఎక్కడికీ పోవు," అన్నాడు కొట్టువాడు. అప్పుడు దాని మీద గురి కుదిరింది. అందుకే ప్రింట్లు వేయించలేదు. ఇక ఎందుకు?

ఈమధ్య ఆమె ఫోటోలు మారాయి. మందుల చీటీ ఒకటి, ఆసుపత్రి కిటికీ ఒకటి. తర్వాత పొరపాటున వేలు తగిలి పడిందేమో, సీలింగు ఫ్యాను ఒకటి. ఆ పైన ఏమీ లేదు. ఎర్ర గీత వచ్చింది, పోలేదు. ఫోన్ చేయాలని రోజూ అనుకున్నాడు. ఏ హోదాలో చేయాలో తోచక రోజూ మానేశాడు.

ఇప్పుడు ఎర్ర గీత పోయింది. అంటే లేచి కూర్చుందన్నమాట. లేచి కూర్చుని, మొట్టమొదట అతని చెత్త శుభ్రం చేసింది.

పాప వీడియో చూడాలనిపించింది. కానీ తడి చేతులతో పాపను ముట్టడు, అదొక నియమం. సాయంత్రం చూద్దామనుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

డిపో ఊడ్చే ఆమె చీపురు ఆపి అతన్ని వింతగా చూసింది. "ఏంటి బాబాయ్, కూనిరాగాలు తీస్తున్నావ్? లాటరీ గానీ తగిలిందా?"

"మావాళ్ళకి ఒంట్లో బాగాలేదమ్మా. ఇప్పుడు నయమైంది."

"మీవాళ్ళా? నీకు వాళ్ళూ వీళ్ళూ ఉన్నారని నాకు తెలీదే!"

"ఉన్నారు," అన్నాడు అతను. ఆ మాట నోట్లో తియ్యగా ఉంది.

మధ్యాహ్నం డబ్బాలో అన్నం మొత్తం తిన్నాడు. ఎప్పుడూ రుసరుసలాడే సూపర్‌వైజరుకు తానే పలకరింపుగా నమస్కారం పెట్టాడు. ఆయన కంగారుపడి ఏమైనా సెలవు కావాలా అని అడిగాడు. ఎండ తగ్గేదాకా అతను వంగి లేచి, లేచి వంగి చక్రాలు తోమాడు. నడుము నొప్పి కూడా అవాళ మర్యాదగా ఉంది.

పని దాదాపు అయ్యాక చేతులు తుడుచుకుని, రెండోసారి తుడుచుకుని, బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద కూర్చున్నాడు. ఫోటోలు తెరిచాడు. పొద్దుటి బస్సులు కనిపించాయి. వేలితో కిందికి జరిపాడు. బస్సుల కింద ఏమీ లేదు. సిగ్నల్ లేదేమో అనుకుని బయటికి వచ్చి నిలబడ్డాడు. తెల్లటి తెర. జాకెట్టు మెడలు లేవు, దారపు ఉండలు లేవు, ఆసుపత్రి కిటికీ లేదు. పాప లేదు.

"అమ్మా, ఇది ఒక్కసారి చూడు," అన్నాడు ఊడ్చే ఆమెతో. గొంతు మామూలుగానే వచ్చింది.

ఆమె అటూ ఇటూ నొక్కింది. "తీసేసినవి కొన్నాళ్ళు చెత్తబుట్టలో ఉంటాయి బాబాయ్, కంగారుపడకు." బుట్ట తెరిచింది. ఆమె మొహం వాడిపోయింది. "ఇది కూడా ఖాళీ చేసేశారు. ఎవరు చేశారు?"

అతను పాప తల్లి నెంబరుకు ఫోన్ చేశాడు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగి, మగ గొంతు పలికింది.

"ఎవరండీ?"

తానెవరో చెప్పడానికి మాట వెతుక్కున్నాడు. "పాప నాన్ననండీ."

"మీరా. కబురు చేయాలనే అనుకున్నానండీ. ఎలా చెప్పాలో తెలీలేదు. పోయింది. పోయిన వారం. నిద్రలోనే పోయింది, బాధ పడలేదు."

అతను గోడకు ఆనుకున్నాడు. గోడ తడిగా ఉంది.

"ఫోన్లో ఫోటోలు..." అన్నాడు.

"మా చెల్లెలికి ఇద్దామని పొద్దున్నే కూర్చుని ఖాళీ చేశానండీ. ఆవిడవి నాలుగు నా ఫోన్లోకి పంపుకున్నాను. మిగతావి తీసేశాను. బుట్ట కూడా ఖాళీ చేస్తేగానీ జాగా రాదంటే అదీ చేశాను."

"పాపవి?"

"చూశానండీ. తీయడానికి ముందు చెయ్యి రాలేదు. కానీ మీ పాప కదా, మీ దగ్గర ఉంటాయి కదా అనుకుని తీసేశాను."

ఆ మాటలో తప్పేమీ లేదు. ఎవరైనా అలాగే అనుకుంటారు. అతను ఏం చెప్పినా ఆ మనిషి జీవితాంతం మోయాల్సి వస్తుంది. చెప్పలేదు.

"ఒకటి అడగనా అండీ?" అన్నాడు దర్జీ. "ఆ బస్సులేంటి? లేవలేని రోజుల్లో కూడా పొద్దున్నే అవే చూసేది. ఈ గీత నిన్న లేదు, కొత్తగా పడింది అనేది. ఏంటే అవి అంటే, ఏం లేదులే అనేది."

"నేను కడిగినవి," అన్నాడు అతను.

దర్జీ ఇంకేదో అన్నాడు. ఉంటానండీ అని అతను పెట్టేశాడు.

ఊడ్చే ఆమె అప్పటికే తన మరిదికి ఫోన్ కలిపింది. ఆ మరిది ఫోన్లు బాగుచేసే కొట్టులో పని చేస్తాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ అటు తిరిగింది. బుట్ట ఖాళీ అయ్యాక ఇక ఎవరూ ఏమీ చేయలేరట. ఆ సంగతి అతనికి చెప్పకుండా చీపురు గోడకు ఆనించింది. "బాబాయ్, టీ తెస్తాను ఉండు," అని వెళ్ళిపోయింది.

ఇంతలో ఇంకో బస్సు లోపలికి వచ్చింది. వెనక తలుపు పక్కన పొడుగాటి గీత, అప్పుడే పడినట్టుంది. అతను దాన్ని చూశాడు. చూసి పైపు తిప్పాడు.

"ఏం బాబాయ్, ఇవాళ ప్రదక్షిణ లేదా?" అన్నాడు దిగుతున్న డ్రైవరు. "రేపు నీ మీదకొస్తే నన్ననకు మరి!"

"రానీ," అన్నాడు.

ముందు అద్దం నుంచి నెంబరు ప్లేటు దాకా ఎక్కడా ఆగకుండా కడిగాడు. ఎవరికీ చూపించాల్సిన పని లేకుండా ఒక బస్సు కడగడం అతనికి కొత్త. ఇక రేపటి నుంచి అన్నీ ఇలాగే. దుఃఖం ఇంకా రాలేదు. అది ఇంటి దగ్గర కూర్చుని ఉంటుందని, తలుపు తీయగానే లేచి ఎదురొస్తుందని అతనికి తెలుసు. ఒకసారి అలా వచ్చింది కదా.

బూట్లు విప్పి గోడవార పెట్టాడు. బకెట్ కడిగి బోర్లించి వెళ్ళడం రోజూ అతని ఆఖరి పని. కడిగాడు. చేతిలో పట్టుకుని, లోపలికి చూస్తూ కాసేపు నిలబడ్డాడు. బోర్లించడానికి మనసు రాలేదు. ఉన్నది ఉన్నట్టే కుళాయి కింద దించి, టీ కోసం ఆగకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు.

ఊడ్చే ఆమె టీ గ్లాసుతో వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. తాడు పిడి ఉన్న నీలం బకెట్‌లోకి కుళాయి నుంచి ఒక్కొక్క చుక్కే నీళ్ళు పడుతున్నాయి.