ఖాళీ బల్ల ఫోటో

బైండింగు షాపు పెద్దాయనకు తమ్ముడి మీద అనుమానం మొదలై నెల దాటింది. పొద్దున్నే అట్టలు కోసి ఇచ్చి, తాను ఆర్డర్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగొచ్చేసరికి, నలభై రిజిస్టర్లు కావాల్సినచోట పాతిక కూడా తెమలడం లేదు.

"పని అలా ఉంది అన్నయ్యా" అంటాడు తమ్ముడు, ఎటో చూస్తూ.

ఆ ఎటో చూడటంతోనే పెద్దాయన బుర్రలో పురుగు తొలవడం మొదలుపెట్టింది. వీడు మధ్యాహ్నాలు షాపు మూసి, వీధి చివరి పోటీ షాపులో పనిచేసి వస్తున్నాడు, సందేహం లేదు. నిలదీసి అడిగితే పోయేది. అడిగే మనిషైతే ఈ గొడవే ఉండదు.

మూతపడిన ఫోటో స్టూడియో నుంచి పాత ఫోటో కాగితం, ఫోటో కడిగే మందులు తెచ్చాడు. బిస్కెట్ల డబ్బా లోపలంతా నల్లరంగు పూశాడు. ఒక పక్క కన్నం కోసి, దాని మీద పల్చటి రేకుముక్క అతికించి, సన్నటి సూదితో బెజ్జం పొడిచాడు. బెజ్జం మీద నల్ల టేపు. లెన్సు లేని కెమెరా సిద్ధం. బైండరు కదా, మూత సందుల్లో నల్లగుడ్డ అంటించిన తీరు చూస్తే వెలుతురు సిగ్గుపడి వెనక్కి పోవాలి. "గదిలో వెలుగు తక్కువ కాబట్టి నాలుగు గంటలు తెరిచి ఉంచండి" అన్నాడు స్టూడియో అతను. ఇంకా ఏదో చెప్పబోతే, "నాకు తెలుసులే" అని ఈయన వచ్చేశాడు.

మర్నాడు చీకట్లో కాగితం లోపల పెట్టిన డబ్బాను బీరువా మీద జిగురు డబ్బాల మధ్య దాచి, టేపు పీకి, ఆర్డర్లకు బయల్దేరాడు. నాలుగు గంటలయ్యాక తిరిగొచ్చి చాటుగా టేపు వేశాడు. సాయంత్రం షాపు వెనక బాత్రూంలో, ఎర్రబల్బు కింద కాగితాన్ని మందులో ముంచాడు. నల్లవి తెల్లగా, తెల్లవి నల్లగా బల్ల తేలింది, ప్రెస్సు తేలింది, కటింగ్ మిషను తేలింది. మేకుకు తగిలించిన తమ్ముడి చొక్కా కూడా తేలింది. తమ్ముడు మాత్రం లేడు.

తడి కాగితంతోనే షాపులోకి వచ్చిపడ్డాడు. "నాలుగు గంటల్లో ఒక్క నిమిషమన్నా ఇక్కడున్నావట్రా?"

తమ్ముడు కాగితాన్నీ, బీరువా మీది డబ్బానూ చూశాడు. "నాకు కాపలా పెట్టావా అన్నయ్యా?"

"దొంగకి కాపలా పెట్టక దండ వేస్తారా?"

తమ్ముడు చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు.

పెద్దాయనకు పంతం పెరిగింది. పనిచేసేవాడు ఫోటోలో ఎలా పడతాడో వాడి మొహాన కొట్టి చూపిద్దామని, డబ్బాలో కొత్త కాగితం పెట్టి, టేపు పీకి తనే పనికి దిగాడు. బల్ల నుంచి ప్రెస్సుకు, ప్రెస్సు నుంచి మిషనుకు నాలుగు గంటలు కాలు నిలపలేదు. నడుము పడిపోయింది.

ఎర్రబల్బు కింద మళ్ళీ బల్ల తేలింది, ప్రెస్సు తేలింది. ఆయన లేడు.

మందు పాడైందేమో అనుకున్నాడు. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. కదలనివి మాత్రమే నిలిచాయి. తిరిగే మనిషి ఎక్కడా నిలవలేదు. అయినా చొక్కా మేకుకు వదిలేసి వాడు వీధిలోకి ఎలా పోతాడు?

ఆ కాగితం పట్టుకుని తమ్ముడింటికి పరుగెత్తాడు. మరదలు తలుపు తీసింది.

"తప్పు నాదేనమ్మా. వాడు పనిచేస్తూనే ఉన్నాడు. మరి నలభై ఎందుకు తెమల్లేదో, అదొక్కటే..." అప్పటికీ ఆ పురుగు చావలేదు.

"మీరు కోసిచ్చే అట్టలు వంకర పోతున్నాయి బావగారూ. మీకు చూపు ఆనడం లేదు. చెబితే మీ మనసు కష్టపడుతుందని, ఆయన అవన్నీ పక్కన పెట్టి కొత్తవి కోసుకుంటున్నారు."

పెద్దాయన చేతిలోని కాగితాన్ని కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని చూశాడు. తమ్ముడు లోపలినుంచి వచ్చి, కాగితం అందుకుని, ఖాళీ బల్లను కాసేపు చూశాడు.

"రేపు వస్తావట్రా?" అన్నాడు పెద్దాయన.

"కళ్ళజోడు చేయించుకో అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. "ఇక నీ అట్టలు సరిచేయడానికి నేనుండను."

కాగితం తిరిగి చేతిలో పెట్టి, తలుపు మెల్లగా వేసుకున్నాడు.