బొంతలో పచ్చ ముక్క

ఊళ్ళో ఏ ఆడమనిషిని అడిగినా టైలరు గుడ్డ కాజేస్తుందనే చెబుతుంది. చూసిందా? చూడలేదు. అయినా చెబుతుంది. జాకెట్టు తెచ్చుకునేటప్పుడు మిగిలిన ముక్కలేవని అడగడానికి నామోషీ. అడక్కుండా అనుమానపడటానికి మాత్రం ఏ నామోషీ లేదు.

పర్చూరు పక్కన ఆ ఊళ్ళో జాకెట్లు కుట్టేది సంతోషకుమారి. చర్చి సందులో ఇల్లు, వరండాలో మిషను. మొగుడు పోయాక ఆవిడకీ, కూతురికీ అన్నం పెడుతున్నది ఆ మిషనే.

మిరపకోతలు మొదలైతే ఎవరికీ తీరదని, డ్వాక్రా గ్రూపు వాళ్ళు ముందే ఒక శనివారం వాడరేవు సముద్రానికి పిక్నిక్ పెట్టుకున్నారు. "ప్లాస్టిక్ సామానేం వద్దు. పాతగుడ్డలతో ఏమన్నా కుట్టవే కుమారీ" అంది గ్రూపు లీడరు ఉదయశ్రీ. సంతోషకుమారి కుట్టింది. పాత జీన్సు ప్యాంట్ల కాళ్ళు కోసి నీళ్ళ సీసాలకి తొడుగులు చేసింది. చిరిగిన లుంగీలు గిన్నెలకి మూతగుడ్డలయ్యాయి. కూతురి పాత యూనిఫాం గరిటెలు, స్పూన్లు దోపుకునే సంచి అయింది. అన్నిటికంటే పెద్దది బొంత. పైన జాకెట్టు ముక్కలు, కింద ఇసుక తడి ఎక్కకుండా యూరియా సంచులు.

అక్కడే పొరపాటు చేసింది. ఊరి జాకెట్ల ముక్కలన్నీ ఒకచోట చేర్చి, ఆ ఊరి ఆడవాళ్ళనే దాని మీద కూర్చోమంది.

సరుగుడు తోటలో బొంత పరిచారు. ఎవరూ కూర్చోలేదు. అందరూ వంగి చూస్తున్నారు.

"ఆ పసుప్పచ్చది నాది కదూ?" అంది దీప్తి. గ్రూపులో అందరికంటే చిన్నది, నోరు మాత్రం పెద్దది.

"నా ఊదారంగు రెండు చోట్ల ఉంది. ఒక చోటంటే సర్లే అనుకుందును" అంది సైమా.

వాళ్ళని ఆటోలో తెచ్చిన అంకారావు దూరం నుంచి నవ్వాడు. "ఎవరి ముక్క మీద వాళ్ళు కూర్చోండమ్మా, గొడవే ఉండదు!"

"నువ్వు నోరు మూసుకుని ఆటో తుడుచుకో" అంది సైమా.

"అవి కత్తిరింపులమ్మా" అంది సంతోషకుమారి. "మెడ దగ్గరవి, చంక దగ్గరవి. అరచెయ్యంత కూడా లేవు. ఇస్తే మాత్రం ఏం చేసుకుంటారు?"

నిజమే. కానీ ఒకటి పెద్దది. అది ఉదయశ్రీ కంట పడింది. చిలకాకుపచ్చ రంగు, జరీ అంచు, జానెడు వెడల్పు.

"ఇదీ కత్తిరింపేనా?"

పోయిన నెల ఉదయశ్రీ మంగళగిరి చీర జాకెట్టు గుడ్డ ఇచ్చి, చేతులు మోచేతుల దాకా పెట్టమంది. గుడ్డ చాలదని సంతోషకుమారి పొట్టి చేతులు పెట్టింది. ఆ గుడ్డ కూడా ఇదే పచ్చ.

"చెప్పవే. ఎక్కడిదిది?"

"మీ కొత్త జాకెట్టుది కాదండి."

"మరెవరిది? ఊళ్ళో ఈ రంగు నేను తప్ప ఎవరు కడతారు?"

 సంతోషకుమారి ఒక్కసారి అన్నం ఉడుకుతున్న పొయ్యి వైపు చూసింది. అక్కడ పేరమ్మ పుల్లలు ఎగదోస్తోంది. పేరమ్మ ఉదయశ్రీ ఇంట్లో పనిచేస్తుంది. గ్రూపులో ఆవిడా సభ్యురాలే. అయినా పిక్నిక్‌లో కూడా పొయ్యి దగ్గర ఆవిడే. ఎవరూ చెప్పలేదు, ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

"దొంగతనం కాకపోతే చెప్పొచ్చుగా?" అంది దీప్తి.

"నేను తియ్యలేదు. అంతకంటే చెప్పను."

ఇంకేం కావాలి? అందరి అనుమానమూ గట్టిపడింది.

"అయితే విను" అంది ఉదయశ్రీ. "రేపట్నుంచి ఊళ్ళో ఒక్క జాకెట్టు నీ మిషనెక్కదు. చీరాల వెళ్ళి కుట్టించుకుంటాం."

కాదని ఒక్కరూ అనలేదు.  

ఉదయశ్రీ కూరగాయల కత్తి తీసుకుని బొంత కుట్లు కోసింది. "నా గుడ్డ నేను తీసుకుంటా."

"అమ్మగారూ, వద్దండి!" పేరమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచింది.

ఎవరు వింటారు? ముక్క ఊడి వచ్చింది. లోపలికి మడిచి కుట్టిన భాగం విచ్చుకుంది. దాని మీద గోధుమరంగు మచ్చ, ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో.

"కొత్త గుడ్డకి ఈ కాలిన మచ్చేంటక్కా?" అంది దీప్తి.

ఉదయశ్రీకి తెలుసు. అది కిందటేడు కొన్న పచ్చచీర జాకెట్టు. ఫోన్ మాట్లాడుతూ తనే ఇస్త్రీ చేసి, వీపు దగ్గర కాల్చింది. కాలింది తను వేసుకోదుగా. దసరాకి పేరమ్మ చేతిలో పెట్టింది. ఏది, వేసుకోవేం అని పండక్కీ పబ్బానికీ అడుగుతూనే ఉంది. పెట్టెలో దాచుకున్నానమ్మా అని పేరమ్మ చెబుతూనే ఉంది.

ఇప్పుడు అందరి చూపూ పేరమ్మ మీదికి తిరిగింది.

"పెట్టెలో ఉందన్నావే?"

పేరమ్మ చేతి మసి కొంగుకి తుడుచుకుంది. "లేదు. ఇచ్చిన వారానికే కుమారికిచ్చేశా. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నా."

"నీకంత పొగరా? నా ఇంట్లో తిరుగుతూ నాతోనే అబద్ధాలా?"

"వద్దంటే పని మాన్పిస్తారని తీసుకున్నా. వీపు మీద ఆ మచ్చేసుకుని మీరు తిరగలేరు గానీ నేను తిరగాలా? నాకూ వీపుందమ్మా."

"రేపు పనిలోకి రాకు."

"రాను."

పేరమ్మ పొయ్యి వదిలేసి వచ్చి బొంత మీద కూర్చుంది. అందరికంటే ముందు ఆవిడే కూర్చుంది. "కుమారీ, నువ్వూ కూర్చో."

సంతోషకుమారి వెళ్ళి ఆవిడ పక్కనే కూర్చుంది.

"మరి నా ఊదారంగు రెండు ముక్కలు?" అంది సైమా.

"నువ్వు కుట్టించుకుంది రెండు జాకెట్లు కదే" అంది సంతోషకుమారి.

సైమా లెక్క గుర్తుచేసుకుంది. "ఆఁ, రెండే." కూర్చుంది. "ఎల్లుండి ఇంకోటి తెస్తా. ముక్కలు మాత్రం తిరిగివ్వాలి."

"మూటగట్టి ఇస్తా. నువ్వు కూడా తెస్తావా దీప్తీ?"

"తెస్తాలే. చీరాల ఎవరు పోతారు?" దీప్తి తన పసుప్పచ్చ ముక్క కనపడేలా, దాని పక్కనే కూర్చుంది.

నిలబడింది ఉదయశ్రీ ఒక్కతే. చేతిలో పచ్చ ముక్క. పారెయ్యలేదు, బ్యాగులో పెట్టుకోలేదు. పొయ్యి మీద అన్నం అడుగంటుతున్న వాసన వస్తోంది.

"అన్నం ఎవరు దించుతారు?" అంది.

పేరమ్మ కదల్లేదు. ఎవరూ కదల్లేదు.

ఉదయశ్రీ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. మసిగుడ్డ కోసం చుట్టూ చూసింది. దొరకలేదు. చేతిలోని పచ్చ ముక్కనే మడతపెట్టి, గిన్నె అంచు పట్టుకుని దించింది.